కృతజ్ఞత కవరు

తెనాలి,
జూన్ 16.

తమ్ముడు మధుకి, అక్క దీవెనలు.

ఇవన్నీ ఫోనులో చెప్పాల్సిన సంగతులే. కానీ నేను నోరు తెరిచేసరికి నీకు మీటింగ్ వస్తుంది. "ఒక్క నిమిషం అక్కా" అంటావు, ఆ నిమిషం మరుసటి వారం దాకా సాగుతుంది. కాగితం మీదయితే నా మాట మధ్యలో నువ్వు పెట్టేయలేవు. తెనాలి నుంచి రేపల్లెకి బండి గంటసేపు, దానికి ఉత్తరాలేమిటని కరుణశ్రీ నవ్వుకుంటుందేమో. మీ ఆవిడని నవ్వుకోమను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకి లేఖ రాయడం నేర్పుతున్నాను, సొంత తమ్ముడికి ఒకటి రాస్తే తప్పేం లేదు.

నిన్న చర్చిలో నీ పేరు మీద కృతజ్ఞత కవరు వేశాను. మన పద్ధతి నువ్వు మర్చిపోయి ఉండవు. కవరు వెనక పేరూ కారణమూ రాసి కానుకల సంచిలో వేస్తే, పాస్టరుగారు ప్రార్థనకి ముందు అందరికీ వినపడేలా చదువుతారు. "పదకొండేళ్ళ నిరీక్షణ తరువాత మా తమ్ముడు మధుబాబు మేనేజరుగా హెచ్చించబడినందుకు" అని నా గుండ్రటి అక్షరాలతో రాశాను. కృపారావు పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకుని నింపాదిగా చదివారు. సంఘమంతా ఆమెన్ అంది. ఆ ఆమెన్ కోసం నేను ఎన్నాళ్ళు కాచుకున్నానో నీకేం తెలుసు?

నిజానికి ఈ పని నువ్వొచ్చి చెయ్యాలి. ఏప్రిల్లో "అయిందిలే అక్కా" అన్నావు. ఆ ఒక్క మాటే. మిఠాయి లేదు, మనిషి రాలేదు. వేసవి సెలవులంతా చూశాను. కరుణశ్రీని అడిగితే "ఆయన్నే అడగండి వదినా" అంటుంది. మేనేజరయినవాడు ఇంత ముడుచుకుని ఉండటం నేనెక్కడా చూడలేదు.

ఇంకో సంగతి. సంఘ పెద్ద ఆశీర్వాదం గారు బయట మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నారు. వాళ్ళ అమ్మాయి ఏంజెల్ కంప్యూటర్స్‌లో బీటెక్ చేసి రెండేళ్ళుగా ఇంట్లోనే ఉంది, పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటోంది. "మీ తమ్ముడి కింద ఎంతమంది ఉంటారమ్మా" అని అడిగారు. పదీ పదిహేను మంది ఉంటారని చెప్పాను. ఆ పదిహేనులో మా పిల్ల ఒకతి కాకూడదా అన్నారు. చూద్దామన్నాను.

జవాబు రాయి. ఫోను చెయ్యకు.

అక్క
రూతు.


రేపల్లె,
జూన్ 25.

అక్కకి వందనాలు.

ఉత్తరం అందింది. ఇంట్లో ప్రింటరులో తప్ప కాగితమే లేదు, అందులోంచి లాగి రాస్తున్నాను. చెయ్యి తిరగడం లేదు. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్ది పంపకు.

ఆ కవరు ఎవరు వెయ్యమన్నారు నిన్ను? నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. నా ఉద్యోగం సంగతి నా ఇంటి సంగతి. దాన్ని రెండొందల మంది ముందు చదివించాల్సిన పని లేదు. శనివారం బజారులో కూరగాయలు కొంటుంటే తెనాలి నుంచి పెళ్ళికొచ్చిన ఎవరో ముసలాయన నా భుజం తట్టి "మేనేజరుగారు" అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు. వంకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఏంజెల్ విషయం ఆశీర్వాదం గారికి ఆశ పెట్టకు. కంపెనీలో మనుషుల్ని తీసుకునేది నేను కాదు. మేనేజరయినా తీసుకోలేడు. పరీక్షలు ఉంటాయి, ఇంటర్వ్యూలు ఉంటాయి. నువ్వు చూద్దామంటే వాళ్ళు అయిపోయిందనుకుంటారు.

నాకు పని ఎక్కువగా ఉంది. మా సాఫ్ట్‌వేర్ ఏమిటని నువ్వెప్పుడూ అడగలేదు కాబట్టి చెబుతున్నాను. రక్తపరీక్షలు చేసే ల్యాబుల్లో రోగి పేరు రాసుకుని, చివరికి రిపోర్టు అచ్చువేసి ఇస్తారు చూడు, ఆ రిపోర్టు వేసేది మాది. పైన ఆకుపచ్చ గీత ఉంటుంది. తెనాలిలో కూడా నాలుగు చోట్ల ఉంది. అందులో ఈ మధ్య ఒక తప్పు బయటపడింది, నా బుర్రంతా దాని మీదే ఉంది. అది తేలేదాకా నన్ను ఊళ్ళోవాళ్ళ పొగడ్తల్లోకి లాగకు.

కరుణశ్రీ బాగానే ఉంది. బళ్ళు తెరిచారు కదా, ఆవిడ గొడవ ఆవిడది.

మధు.


తెనాలి,
జూలై 6.

మధుకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నీకు దొరికిన ఒక్క మంచి మాట చెప్పినందుకు నా మీద ఒంటికాలి మీద లేచావు. పదాల మధ్య నీళ్ళు నమిలావని నాకు తెలియకపోలేదు. ప్రమోషన్ వచ్చిందనీ రాయలేదు, ఎలా ఉందనీ రాయలేదు. పైగా రక్తపరీక్షల పాఠం.

ఆశీర్వాదం గారు నిన్న ఏంజెల్‌ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. ఆ పిల్ల సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి ఫైలు కుట్టించి తెచ్చింది. కాఫీ తాగలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏమని చెప్పను నేను? మా తమ్ముడికి చిరాకుగా ఉంది, వంకాయలు వదిలేసి వచ్చాడు అని చెప్పనా?

నువ్వు అడగలేదు కాబట్టి నేనూ ఒకటి చెబుతున్నాను. నాన్న మిషన్ బళ్ళో అటెండరుగా చేరాడు, అటెండరుగానే రిటైరయ్యాడు. నువ్వు అప్పుడు చిన్నవాడివి. నేను అదే బళ్ళో ఆరో తరగతి నుంచి చదివాను. లెక్కల మాస్టారికి దాహమేస్తే కిటికీలోంచి "సీమోనూ" అని కేకేసేవాడు. నాన్న గ్లాసు పట్టుకుని క్లాసులోకొచ్చేవాడు. నేను మొదటి బెంచీలో తల వంచుకుని పుస్తకంలోకి చూస్తూ ఉండేదాన్ని. ఒకసారి హెడ్మాస్టరు పిలిచి ఆఫీసులో రికార్డు అసిస్టెంటు పని ఇస్తామన్నారు. కుర్చీ, బల్ల, ఫ్యానూ. నాన్న వద్దన్నాడు. గదిలో కూర్చుని కాగితాలు కుట్టడం నా వల్ల కాదు, పిల్లల మధ్య బాగుంది అన్నాడు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

ఆయన గొప్పతనమంతా ఏమిటయ్యా అంటే, బళ్ళో ప్రతి పిల్ల తండ్రి పేరూ తెలియడం. మా క్లాసులో నలుగురు మేరీలు. ఎవరికి కబురొచ్చినా నాన్న గుమ్మంలో నిలబడి "కొండయ్యగారి మేరీ" అని పిలిచేవాడు, "శివయ్యగారి మేరీ" అని పిలిచేవాడు. ఒక్కసారి కూడా తప్పు మేరీని పిలవలేదని టీచర్లు నవ్వుతూ చెప్పుకునేవారు. దానికేమన్నా జీతం పెరిగిందా?

నేను పెళ్ళి మాట కూడా ఎత్తకుండా నిన్ను చదివించింది, మన ఇంట్లో ఒక్కరినైనా ఎవరూ కిటికీలోంచి కేకేసి పిలవకూడదని. అది జరిగింది కాబట్టి కవరు వేశాను. ఇందులో నా తప్పేమిటో రాయి.

రూతు.


బాపట్ల,
జూలై 21.

అక్కకి,

ఇది బాపట్ల నుంచి రాస్తున్నాను. మూడు రోజులుగా ఇక్కడ ఒక ల్యాబులో కూర్చుని ఉన్నాను. బస్టాండు పక్కన లాడ్జిలో గది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. నేను మేనేజరుని కాలేదు. ప్రమోషన్ ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. ఏప్రిల్లో నువ్వు రోజుకి మూడుసార్లు ఫోను చేసి "ఏమైంది, ఏమైంది" అని అడుగుతుంటే, ఒక రోజు విసుగెత్తి "అయిందిలే" అన్నాను. ఆ సంగతి ముగిసిందిలే అన్నట్టు అన్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు. నువ్వు ఎలా అనుకుంటావో తెలిసే అన్నాను. అది అబద్ధం. క్షమించమని అడుగుతున్నాను.

ఎందుకు వద్దన్నానో చెబుతాను, చివరిదాకా చదువు. మూడేళ్ళ క్రితం, అప్పటి మా పైఅధికారి శేషగిరిరావుగారు సెలవు పెడితే నాలుగు నెలలు ఆయన పని నేను చేశాను. నీకు చెప్పలేదు. రోజంతా మీటింగులు, సాయంత్రానికి ప్రోగ్రాములో ఒక్క వరస కూడా రాసి ఉండను. అది ఎలాగో భరించాను. ఏడాది చివర టీములో అందరికీ మార్కులు వెయ్యాలి. పద్నాలుగు మందిలో ఇద్దరికి తక్కువ వేసి తీరాలని పైనుంచి నియమం, అందరూ బాగా చేసినా సరే. తల్లిని ఆసుపత్రిలో పెట్టుకుని, వార్డు బయట బెంచీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసిన అమ్మాయి ఒకతి ఉంది. ఆమె పేరు పక్కన "ఆశించినంత లేదు" అని నా చేత్తో నేనే రాశాను. నెల తిరక్కుండా మానేసింది. వెళ్ళేటప్పుడు నాకు థాంక్యూ సార్ అని మెసేజ్ పెట్టింది. ఆ కుర్చీలో నేను అలాంటి మనిషినవుతానని నాకు తెలిసిపోయింది.

నేనేదో ఋషిననుకోకు. నేను పని నేర్పినవాడు ఇప్పుడు నా సెలవుకి అనుమతి ఇస్తాడు. వాడి వయసు ఇరవై తొమ్మిది. నేను రాసిన ప్రోగ్రాముని మీటింగులో నాకే వివరిస్తాడు. ప్రతి ఏప్రిల్లో నాలుగు రోజులు నాకు అన్నం సహించదు. కరుణశ్రీ ఏం మాట్లాడినా కసురుకుంటాను. తర్వాత మళ్ళీ పనిలో కూర్చుంటాను, రెండు గంటలు గడిచేసరికి మనసు కుదుటపడుతుంది. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఉన్నచోట హాయిగా ఉండటం అంత సులువు కాదక్కా. దానికి ఎవరూ కవరు వెయ్యరు.

బాపట్ల ఎందుకొచ్చానంటే, ఇక్కడ సముద్రం ఒడ్డు పల్లెలో నాగలక్ష్మి అనే పేరుగల ఆడవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరికీ నలభై అయిదేళ్ళు, ఇద్దరూ చేపలు ఎండబెట్టే పనే. ఒకే రోజు ల్యాబుకొచ్చారు. ఫోను నంబరు అడిగితే ఇద్దరూ ఒకే నంబరు చెప్పారు. అది చేపల వ్యాపారి కొండలరావుది. ఆ వీధి వీధంతా ఎక్కడ నంబరు అడిగినా అతనిదే చెబుతారట, కబురు అందించేది అతనే కాబట్టి. మా సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ ఒక్క మనిషే అనుకుంది. షుగరు లేని నాగలక్ష్మికి షుగరు రిపోర్టు వెళ్ళింది. ఆమె పది రోజులు ఆ మాత్రలు మింగి, ఇసుకలో చేపలు పరుస్తూ స్పృహ తప్పి పడిపోయింది. దేవుడి దయ వల్ల బతికింది.

పేరూ వయసూ ఫోను నంబరూ కలిస్తే ఒకే మనిషి అని రాసింది నేనే. పదకొండేళ్ళ క్రితం. మనిషికో ఫోను ఉంటుందనుకున్నాను, తెనాలిలో పెరిగి కూడా. నిన్న ఆ నాగలక్ష్మిని చూసి వచ్చాను. నన్ను డాక్టరనుకుని "ఇంక మాత్రలు వద్దు కదయ్యా" అని అడిగింది. మేనేజరునయితే ఈ తప్పు దిద్దమని ఎవరికో ఈమెయిల్ పెట్టి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడయితే ఇక్కడ కూర్చుని, కౌంటరులో అమ్మాయి పేర్లు ఎలా కొడుతుందో చూస్తూ దిద్దుతున్నాను. ఒళ్ళంతా చిరాకుగా ఉంది, కానీ ఇది నా పని.

చర్చిలో నీకు తలవంపులు తెచ్చాను. ఏం చెయ్యమంటావో చెప్పు.

మధు.


తెనాలి,
ఆగస్టు 2.

శ్రీ మధుబాబు గారికి,

మీ లేఖ చేరింది.

కృతజ్ఞత కవరు మీద నా చేత అబద్ధం రాయించారు. పాస్టరుగారి నోట అబద్ధం పలికించారు. రెండొందల మంది ఆ అబద్ధానికి ఆమెన్ అన్నారు. ముప్పై ఏళ్ళుగా నేను ఆ చర్చిలో సండేస్కూలు చెబుతున్నాను, పిల్లలకి అబద్ధమాడకూడదని. ఇప్పుడు ఆశీర్వాదం గారి మొహం చూడలేక పోయిన ఆదివారం తలనొప్పని ఇంట్లో పడుకున్నాను. అంటే ఇంకో అబద్ధం.

మీ నాగలక్ష్మి సంగతి విని బాధపడ్డాను. కానీ అది నాకు జవాబు కాదు. మేనేజరయినవాడు తప్పులు దిద్దకూడదని ఎక్కడుంది? మార్కులు న్యాయంగా వేసే మేనేజరు ఒక్కడన్నా ఉంటే ఆ పిల్ల ఉద్యోగం పోయేది కాదు కదా? మీరు తప్పుకుంటే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, ఎవడో ఒకడు కూర్చుంటాడు. నాన్నకీ ఇదే చెప్పాలనుకున్నాను, చెప్పే వయసు లేకపోయింది. మీకు చెబుతున్నాను.

రెండే దారులు. ఆ ప్రమోషన్ ఇప్పటికైనా తీసుకుని నా మాట నిజం చెయ్యండి. లేదంటే ఒక ఆదివారం వచ్చి, సంఘం ముందు నిలబడి, నేను మేనేజరుని కాలేదని మీ నోటితో మీరే చెప్పండి. ఈ రెండిట్లో ఏదీ జరగకపోతే మీ ఇంటి గడప నేను తొక్కను.

ఇట్లు,
రూతు, తెలుగు పండితురాలు.


రేపల్లె,
సెప్టెంబరు 8.

రూతు టీచరుగారికి,

నెల రోజులు జవాబు రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టి చించాను. సంఘం ముందు నిలబడటం నా వల్ల కాదు. నేను వెయ్యని కవరుకి నేను సంజాయిషీ చెప్పుకోవాలా అని ఒకసారి ఒళ్ళు మండుతుంది, అబద్ధం నాదే కదా అని ఒకసారి సిగ్గేస్తుంది. ఏ మాట రాసినా రెండోది గుర్తొచ్చి ఆగిపోతున్నాను.

శుక్రవారం శేషగిరిరావుగారు ఫోను చేశారు. ఏప్రిల్లో నేను వద్దన్న చోటికి బయటినుంచి వచ్చినాయన వేరే కంపెనీకి వెళ్ళిపోయాడట. "నీకోసం మళ్ళీ పైవాళ్ళని ఒప్పించానయ్యా, ఇంకోసారి అడగను" అన్నారు. పదిహేనో తారీకు సోమవారం పదకొండింటికి ఆన్‌లైన్ మీటింగ్. అక్కడ అవునంటే అయిపోతుంది. ఇప్పటిలా ఇంట్లోంచి పనిచేస్తే కుదరదు, హైదరాబాదు ఆఫీసుకి వెళ్ళిపోవాలి. కరుణశ్రీ ఇక్కడ బడి వదిలి రాదు కాబట్టి ఆవిడ ఇక్కడ, నేనక్కడ.

అవునంటాను. నీ రెండు దారుల్లో నాకు చేతనయింది ఇదొక్కటే. సోమవారం మధ్యాహ్నానికి నీ కవరు మీద రాసినది నిజమవుతుంది. పాస్టరుగారి ఆమెన్, సంఘం ఆమెన్ అన్నీ నిజమవుతాయి. డిసెంబరులో పద్నాలుగు పేర్ల పక్కన మార్కులు వేస్తాను. న్యాయంగానే వేస్తాను, ఇద్దరికి న్యాయంగా తక్కువ వేస్తాను.

కరుణశ్రీ నాతో మాట్లాడటం మానేసింది. "మీ అక్కకి భయపడి ఉద్యోగం మారుతున్నారా, నలభై ఒక్క ఏళ్ళొచ్చాయి మీకు" అంది. అవును, భయపడే. నిన్ను చర్చిలో తల దించుకునేలా చేశానన్న మాట నాకు మింగుడుపడటం లేదు. చిన్నప్పుడు ఒకసారి మొదటి బెంచీలో దించావు, అది చాలు.

బాపట్లలో మొదలుపెట్టిన పని పూర్తయింది. రోగి వివరాల్లో తండ్రి పేరు రాసే గడి మొదటినుంచీ ఉంది, ఎవరూ నింపరు. ఇప్పుడు పేరూ వయసూ కలిస్తే ఆ గడి నింపకుండా సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు. కిందటి వారం అన్ని ల్యాబులకీ పంపాను. నా చేత్తో చేసిన చివరి పని ఇదే అవుతుంది. ల్యాబులవాళ్ళు అప్పుడే తిడుతున్నారు.

మధు.


తెనాలి,
సెప్టెంబరు 14, ఆదివారం.

తమ్ముడికి,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. వేస్తే మంగళవారానికి వస్తుంది. ఏంజెల్ చేతికిచ్చి రేపు పొద్దున్నే మొదటి రేపల్లె బండెక్కిస్తున్నాను. ఫోను చేద్దామని నాలుగుసార్లు తీశాను. ఈ మాటలు నోటితో చెబితే మధ్యలో ఏడుస్తాను, నువ్వు కంగారుపడతావు, అసలు మాట పోతుంది. అందుకని రాస్తున్నాను, పదకొండు లోపు చదువు.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. గెలిచినట్టే అనిపించింది, అబద్ధం చెప్పను. ఆ సాయంత్రమే తల తిరిగినట్టుంటే, శుక్రవారం పొద్దున్నే పరగడుపున ల్యాబుకెళ్ళాను. నాకు బీపీ ఉందని నీకు చెప్పలేదు. నువ్వొక్కడివే దాచావనుకోకు.

కౌంటరులో పావని అని ఒక అమ్మాయి. నా పేరు చెప్పాను, వయసు యాభై రెండు అన్నాను. కొట్టి, ఆగి, విసుక్కుంది. "మళ్ళీ వచ్చిందండి ఇది. వారం నుంచి ప్రాణం తీస్తోంది. పేరు కలిస్తే చాలు, తండ్రి పేరు అడక్కుండా పోనివ్వదు. ఎవడు పెట్టాడో" అంది. నా వెనక బల్ల మీద ఇంకో రూతు కూర్చుని ఉంది. చేబ్రోలు నుంచి వచ్చింది, కూలి పని, ఆమెకీ యాభై రెండే. ఆమె ముందు భర్త పేరు చెప్పింది. "తండ్రి పేరమ్మా" అని పావని కసిరింది. ఆమె తడబడి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి "మీదండి?" అంది.

సీమోను అన్నాను. సరిగ్గా వినపడక మళ్ళీ అడిగింది. ఆ చిన్న హాల్లో ఇరవై మంది ఉన్నారు. గట్టిగా చెప్పాను. నా జన్మలో నాన్న పేరు నలుగురిలో అంత గట్టిగా నేనెప్పుడూ చెప్పలేదు మధూ.

సాయంత్రం రిపోర్టులకెళితే ఆకుపచ్చ గీత కాగితాలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. నాది ఫరవాలేదు. ఆ చేబ్రోలు రూతుకి షుగరు మూడొందల ఎనభై. ఆమెకి తెలియనే తెలియదు. ఎలకల మందు తిన్నదానిలా నీరసపడి, ఎండదెబ్బ అనుకుని వచ్చింది. నేను చదివి చెప్పి, నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. దారిలో నాకు ఒకటే ఆలోచన. నాన్న గుమ్మంలో నిలబడి పిలిచేవాడు చూడు, అదే పని నువ్వు ఊరూరా చేస్తున్నావు. నీకూ జీతం పెరగలేదు. నాన్నని నేను పన్నెండేళ్ళ పిల్ల కళ్ళతోనే చూశాను, ఇన్నాళ్ళూ ఆ బెంచీ దిగలేదు.

నీ మీద కోపం పోలేదు. అబద్ధం అబద్ధమే. అన్యాయపు మార్కుల సంగతి కూడా నువ్వు పారిపోతే తీరేది కాదు, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నా పరువు కోసం నువ్వు ఆ కుర్చీ ఎక్కొద్దు. ఎక్కితే నన్ను ప్రతి డిసెంబరులో తిట్టుకుంటావు, అది నేను భరించలేను.

ఇవాళ ఇంకో కవరు వేశాను. వెనక ఏం రాయాలో తెలియక చర్చి మొదలయ్యేదాకా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి రాసింది ఇది: "జూన్‌లో నేను వేసిన కవరు తప్పు. మా తమ్ముడు మేనేజరు కాలేదు. చేస్తున్న పనిలోనే ఉన్నందుకు కృతజ్ఞత. సీమోనుగారి రూతు." పాస్టరుగారు ఒకసారి లోపల చదువుకుని నా వైపు చూశారు. చదవమని తలూపాను. చదివారు. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ముందు వరసలోంచి ఆశీర్వాదం గారు ఒక్కరే అన్నారు.

ఆయనతో బయట అంతా చెప్పాను. ఉద్యోగం ఇప్పించలేడు, కావాలంటే పని చూపిస్తాడు అన్నాను. "అదే చాలమ్మా, చూపించేవాళ్ళు కూడా లేరు" అన్నారు. కాబట్టి ఆ పిల్లని వెనక్కి పంపకు. టిఫిన్ పెట్టు, బండి టైముకి ఏమీ తిని ఉండదు.

అక్క.


రేపల్లె,
సెప్టెంబరు 15.

అక్కకి వందనాలు.

ఏంజెల్ సాయంత్రం బండికి వెళుతోంది, ఈ కాగితం ఆమెకే ఇచ్చి పంపుతున్నాను.

ఎనిమిదిన్నరకల్లా ఇంటికొచ్చింది. ఇడ్లీ తింటూ నేను చదివే వేగం చూస్తున్నట్టు నా మొహమే చూస్తూ కూర్చుంది. పదకొండింటికి మీటింగులో వద్దన్నాను. శేషగిరిరావుగారు "ఇంక నిన్నెవరూ అడగరు మధూ, ఆ పేజీ అయిపోయింది" అన్నారు. మార్కుల నియమం మార్చమని అందరి ముందూ అడిగాను, నువ్వన్న మాట గుచ్చుకుని. తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు. ఆ ఇరవై తొమ్మిదేళ్ళవాడు మాత్రం తర్వాత ఫోను చేసి, తనకీ ఆ మార్కులు వెయ్యడం ఇష్టం లేదని చెప్పాడు. ఫోను పెట్టేశాక హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు. ఇంక ఎవరూ అడగరన్న మాట ముల్లులా ఉంది. నాలుగు రోజులుంటుంది, తర్వాత పోతుంది. కరుణశ్రీ మాత్రం బడి నుంచి ఫోను చేసి, విని, సాయంత్రం కూర ఏం చెయ్యాలని అడిగింది. వారం తర్వాత మొదటి మాట అది.

ఏంజెల్‌ని పక్కన కూర్చోబెట్టి తండ్రి పేరు గడి ఎలా పనిచేస్తుందో చూపించాను. గంటలో తప్పు పట్టింది. "పెళ్ళయినవాళ్ళు ఒకసారి తండ్రి పేరు చెబుతారు, ఇంకోసారి భర్త పేరు చెబుతారు కదండి. అప్పుడు ఒకే మనిషి ఇద్దరయిపోతుంది కదా" అంది. నువ్వు చూసిన చేబ్రోలు రూతే రేపు మళ్ళీ వస్తే కొత్త మనిషి అయిపోతుంది. నాకు తట్టలేదు. మూడు వారాలు కూర్చున్నాను, తట్టలేదు. ఒళ్ళు మండింది, సంతోషంగానూ ఉంది. మళ్ళీ దిద్దాలి. వారానికి రెండు రోజులు వచ్చి నాతో కూర్చోమని చెప్పాను.

వెళ్ళేముందు ఇంకోటి అడిగింది. కొత్తగా ఏది రాసినా, అది పనిచేస్తుందో లేదో చూడటానికి ఉత్తుత్తి రోగుల్ని కల్పించి ఎక్కిస్తాం. పదకొండేళ్ళుగా నేను ఎక్కించినవాళ్ళు కొన్ని వేలమంది ఉంటారు. ఆ జాబితా కిందకి జరుపుకుంటూ పోయి ఆగింది.

"అంకుల్, సీమోను ఎవరండి? వీళ్ళందరికీ ఆయనే తండ్రి."

మా నాన్న అన్నాను. ఏం చేసేవారండి అంది. తెనాలిలో బడి అటెండరు, ముప్పై నాలుగేళ్ళు అటెండరుగానే చేశాడు అని చెప్పాను. ఆ అమ్మాయి తలూపి, కుర్చీ దగ్గరికి లాక్కుని, జాబితాలో కింద కొత్త పేరొకటి కొట్టింది. తండ్రి పేరు గడిలో తనూ సీమోను అనే కొట్టింది.

శనివారం బండికి రా. బీపీ మాత్రలు తెచ్చుకో, దాచకు. గడప కడిగించి ఉంచుతాను.

సీమోనుగారి
మధు.